వేలు పడిన గోడ

పలాసలో బాయిలరు పాడయింది.
ఆదివారం కాని రోజున సెలవు,
కూలి లేని సెలవు.
ఇంట్లో కూర్చుంటే ఆకలెక్కువని
తవిటమ్మే లేవదీసింది మమ్మల్ని:
"ఎల్దారి, కళింగపట్నం.
కోటున్నాదట, సముద్రముంతాది.
ఎప్పుడు సూసినాం మనం?"

నరసన్నపేట దాకా బస్సు,
అక్కణ్ణించి ఏడుగురికీ ఒకటే ఆటో.
దాలమ్మ ఒళ్ళో కూర్మమ్మ,
కూర్మమ్మ ఒళ్ళో చద్దన్నం గిన్నె.

కోటంటే ఏనుగులనుకున్నాను.
రెండు గోడలు, సగం కూలిన బురుజు,
బురుజు నెత్తిన జిల్లేడు,
లోపల మేకలు.
"దొరలు కట్టినారు," అన్నాడు కాపలా గవరయ్య
టికెట్లు చింపుతూ.
"ఏ దొరలు?"
"తెల్లదొరలు."
"తెల్లోళ్ళలో ఏ తెల్లోళ్ళు?"
"ఒకళ్ళు కట్టినారు, ఒకళ్ళు నాక్కున్నారు.
మనకేటి, అందరూ టోపీలోళ్ళే."
బోర్డు మీద ఏదో సంవత్సరం.
పదిహేడు వందల దాకా చదివాను,
మిగతా అంకెలు ఉప్పుగాలి తినేసింది.

తుపాకీ కన్నం చూపించాడు.
బయటికి బెత్తెడు, లోపలికి బారెడు.
వంతులేసుకుని చూశాం.
నాకొక తెప్ప కనిపించింది.
దాలమ్మకి ఎండ.
కూర్మమ్మ చూడనే లేదు,
"ఈ గూట్లో దీపమెట్టుకోవచ్చు" అంది.

ఓడల్లో ఏం పట్టుకుపోయారో చెప్పాడు,
బట్టలని, నువ్వులని.
ఏం తెచ్చారో చెప్పలేదు.
మా వేళ్ళు తిన్న జీడిచెట్టు కూడా
ఎప్పుడో ఏదో ఓడలోనే దిగిందని
మా గుమస్తా ఒకసారి అన్నాడు.
ఈ రేవులోనో, ఏ రేవులోనో.

తవిటమ్మ చెప్పు తెగింది గుమ్మం దగ్గర.
పిన్నీసు పెట్టుకోడానికి కూర్చుంది.
కూర్చుంది గనక చూసింది:
మోకాలెత్తున, గచ్చులో,
ఒక చెయ్యి.

అయిదు వేళ్ళూ దిగిన చెయ్యి.
చిన్నది. ఆడమనిషిదో, గుంటడిదో.
సున్నం ఆరకముందు
అలిసి ఆనుకుందో,
తట్టతో తూలి పట్టుకుందో,
మేస్త్రి అటు తిరిగినప్పుడు
కావాలనే నొక్కిందో.
బొటనవేలి గీతలు కూడా ఉన్నాయి,
నీళ్ళలో రాయేస్తే లేచే గీతల్లాగా,
లోపల్లోపలికి చుట్టుకుంటూ.

"ఓలమ్మా!" అని అరిచింది తవిటమ్మ,
"దీనికి వేలు పడినాదే!"

నవ్వాం. మేకలు బెదిరేంత నవ్వు.
గవరయ్యకి అర్థం కాలేదు.
అతనికేం తెలుసు,
జీడిగింజ కొట్టీ కొట్టీ
రసం కాల్చిన మా వేళ్ళ మీద
ఒక్క గీతా లేదని,
బియ్యం మిషను దగ్గర
"తుడిచి పెట్టమ్మా, ఇంకో వేలు పెట్టు,
పడలేదు, పక్కకి జరుగు" అంటారని,
తవిటమ్మ పింఛను
అయిదు నెలలు అలాగే ఆగిందని,
బతికున్నానని బతికున్న మనిషి చెప్తే
ఎవరూ రాసుకోలేదని.

దాని పేరెవరూ రాయలేదు.
కూలి ఇచ్చారో లేదో.
సున్నం కూడా తింటుంది తోలుని.
ఆ రాత్రి మంటకి ఏం రాసుకుందో.
మేమైతే ఆముదం, బూడిద.

తవిటమ్మ తన చెయ్యి ఆనించింది అందులో.
పట్టలేదు. ఈమెది పెద్దచెయ్యి.
అయినా తియ్యలేదు చాలాసేపు.
"సల్లగున్నాది," అంది, అంతే.

"ఇది బోర్డులో లేదమ్మా," అన్నాడు గవరయ్య,
తన తప్పేదో దొరికినట్టు.

బురుజు నీడలో చద్దన్నం తిన్నాం.
ఉల్లిపాయ మోకాలి మీద చితక్కొట్టుకుని,
సముద్రాన్ని పెద్దగా పట్టించుకోకుండా.

వెళ్ళేటప్పుడు పుస్తకం తెచ్చాడు,
పేరు, ఊరు, అభిప్రాయం.
ఏడుగురిలో సంతకం వచ్చినదాన్ని నేనే.
అందరి పేర్లూ రాశాను, ఇంటిపేర్లతో,
కొమ్ములు, దీర్ఘాలు తప్పకుండా.
అభిప్రాయం దగ్గర ఆగాను.
కూర్మమ్మ చెప్పింది, నేను రాశాను:
"గోడ బాగుంది.
తాగడానికి నీళ్ళు లేవు."