మట్టి దిగకూడదు సార్

రేణిగుంట రోడ్డులో కొత్త షోరూము అద్దం వెనక
అది నిలబడి ఉండాది.
ముక్కు కింద ఇనప పట్టీ, వీపు మీద అదనపు చక్రం.
కొండదొర ఎవరో పట్నంలో పెళ్ళికొచ్చి
చెప్పులెక్కడ విడవాలో తెలీక ఆగిపోయినట్టు.

నాలుగేళ్ళుగా దీని మాటే.
పాకాల స్టేషను బయట టీ బంకు కాడ,
భాకరాపేట ఘాట్లో టైరు మార్చేటప్పుడు,
చెంగల్రాయులు మనవరాలికి పేరు పెట్టిన నాడు
బంతిలో కూచుని కూడా
వస్తాదంట, ఉగాదికంట,
డీజిలంట, కాదంట, గేరు కర్రలు రెండంట.
పప్పు వడ్డించే ఆయమ్మ గరిటె ఆపి
"ఎవురికి నాయనా సంబంధం చూస్తా ఉండారు?" అనింది.

రెడ్డెప్ప అద్దానికి ముక్కానించి చూస్తా ఉండాడు.
టమాటా రేటు పలికిన ఏడాది దాచిన డబ్బు,
ఇంట్లో చెప్పిన లెక్క ఒకటి, బ్యాంకులో ఉండేది ఒకటి.
"వాగు దాటుతాదా?"
కాగితంలో రాసుంది, ఎన్ని మిల్లీమీటర్ల నీళ్ళో.
మా వాగులకు మిల్లీమీటర్లు తెలీవు.
మోకాలు, మొల, ఇంక రావద్దు.
అంతే కొలతలు.

చెంగల్రాయులు ఎక్కి కూచున్నాడు.
ముందర తెర వెలిగి, ఆడగొంతొకటి రమ్మని పలికింది.
దిగొచ్చి మెల్లగా అన్నాడు:
"తలుపు సద్దు బాగుంది, పాత ఇనప్పెట్టె మూసినట్టు.
కానీ ఆ తెర చచ్చిపోతే
తలకోన దారిలో నేనెవరితో చెప్పుకోవాల?"

మస్తాన్ ఏం మాట్లాడలేదు.
లుంగీ ఎగ్గట్టి, వెల్లకిలా పడుకుని
బండి కిందికి జారిపోయినాడు.
టై కట్టిన పిల్లోడు సార్ సార్ అని చుట్టూ తిరిగినాడు.
డీజిల్ ట్యాంకు కారిపోతా ఉంటే
బట్టల సబ్బు పిసికి చిల్లికి మెత్తి
మామండూరు అడవిలోంచి మమ్మల్ని ఇల్లు చేర్చినోడు ఈ మస్తాన్.
చెయ్యి బయటికొచ్చింది. వేళ్ళకేమీ అంటలేదు.
"సబ్బు పెట్టే చోటు లేదబ్బా దీంట్లో."
మెచ్చుకున్నాడో, దిగులుపడినాడో.

నేను చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
తీపి కొలిచేవాణ్ణి.
గాజు మీద ఒక్క చుక్క వేస్తే
తోటంతా ఎంత పండిందో అంకె చెప్తాది.
ఈ బండికి ఆ చుక్క ఎక్కడ తీసేది?

నడిపి చూడొచ్చన్నాడు పిల్లోడు.
బైపాసులో వంతెన దాకా, మళ్ళీ ఇక్కడికి.
"మట్టి దిగకూడదు సార్. రూలు."
పరసలో ఎద్దును బేరమాడబోతే
కాడి కట్టద్దు, మెడ నిమరండి చాలన్నట్టు.

రోడ్డు మీద అది మీగడ.
రెడ్డెప్ప స్టీరింగు తిప్పడంలేదు,
నిద్రపోయే బిడ్డను మోసినట్టు మోస్తా ఉండాడు.
ఎవరం నోరు తెరవలేదు.
ఏసీ మా చెమటను ఎవరిది వాళ్ళకి ఆరబెట్టింది.

వంతెన కాడ మళ్ళేటప్పుడు పిల్లోడు,
పేరు గుణశీలం, ఊరు ఎర్రావారిపాళెం పక్కన,
వెనక్కి ఒకసారి చూసి, టై వదులు చేసి,
"అన్నా, ఎడమపక్క స్వర్ణముఖి ఇసక.
మూడు నిమిషాలు. కడుక్కుని పోదాం."

ఒకచోట దిగబడింది.
లోపలేదో ఆలోచించినట్టు అరక్షణం ఆగింది.
నాలుగు చక్రాలూ ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి.
లేచింది.
చెంగల్రాయులు ఈల వేసినాడు,
తాతయిన మనిషి.
మస్తాన్ మాత్రం కళ్ళు మూసుకుని
ఇంజను గొంతులో దేనికోసమో వెతకతా ఉండాడు.

పెట్రోలు బంకులో కడిగేటప్పుడు
టైరు గాడుల్లో ఇసక పుల్లతో గీకతా
"ఒక వానాకాలం పోతే గానీ తెలీదన్నా" అన్నాడు గుణశీలం,
అమ్మేవాడు అనకూడని మాట.

రెడ్డెప్ప అడ్వాన్సు కట్టేసినాడు. ఆరు నెలలు ఆగాలంట.
చెంగల్రాయులు ఇంటికి ఫోను చేసి
వేరే సంగతేదో మాట్లాడతా ఉండాడు.
నా కాగితం జేబులో ఇంకా నాలుగు మడతలే.

మస్తాన్ పాత జీపెక్కి,
మూడోసారికి స్టార్టు చేసి,
సీటు కింద చెయ్యి పెట్టి
సబ్బు ఉందో లేదో చూసుకున్నాడు.