పిడికెడు బియ్యం

గుణుపూర్‌లో మా గుడి గంట కంటే ముందు
తక్కెడ గొలుసులు మోగుతాయి.
ఎసట్లో పోసే ముందు ప్రతి ఇల్లాలూ
పిడికెడు తీసి పక్కన పెట్టిన బియ్యం
పాలడబ్బాల్లో, సీసాల్లో, పాత లుంగీ మూటల్లో
ఆదివారం నా ముందుకొస్తాయి.
లెక్కపుస్తకం నాది.
పేర్లు తెలుగులో రాస్తాను, అంకెలు ఒడియాలో.
మా బడి అలాగే నేర్పింది.

అమ్మ అనేది:
మనింట్లోనే ఉంటాది, మన చేత్తో తీసిందే,
అయినా మనది కాదే గుంటా.

ఎనోషుది పుట్టాసింగి కొండ.
రైలుగేటు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు.
తెలుగులో పాడి, సవర భాషలో ప్రార్థించి,
నాతో మాత్రం ఏ భాషలోనూ
వాక్యం పూర్తి చేసేవాడు కాదు.
వంశధార వంతెన మీద పదకొండు నెలలు నడిచాం,
మధ్యలో వాడి సైకిలు.

పాస్టరుగారు చెప్పినవన్నీ పాటించాను.
చీకటి పడకముందే ఇంటికొచ్చాను.
అయినా దొంగతనం జరిగింది.

వాళ్ళ నాన్నని మట్టిచేసిన మూడోనాడు
నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు.
జుట్టు నిమురుతూనే అడిగాను:
నన్నే చేసుకుంటానని మాటివ్వు.
ఇచ్చాడు.
ఏడ్చేవాడు ఏదడిగినా ఇస్తాడు.

ఆ రాత్రి ముద్ద దిగలేదు.
ఎవరి సీసా మూతో తీసి
దోసెడు తోడుకున్నట్టు
అరచేతులు తెల్లగా కనిపించాయి.

రెండు నెలలు మోశాను ఆ మాటని.
తర్వాత వంతెన మీదే చెప్పాను:
ఇదిగో, నీది నీకిచ్చేశాను.
కొండకెళ్ళు. మళ్ళీ ఆకలేశాక, నవ్వొచ్చాక,
అప్పుడు కూడా ఉంటే రా.

సైకిలు గంట ఒక్కసారి కొట్టి వెళ్ళాడు.
రాలేదు.

మొన్న యువజన కూటంలో
సాక్ష్యం చెప్పమన్నారు,
ఇచ్చినదానికి రెట్టింపు దొరుకుతుందని.
నాకు ముప్పై రెండు. రెట్టింపు రాలేదు.
ఉన్నదే చెప్పాను:
ఆదివారం తక్కెడ పట్టుకుంటే చెయ్యి వణకదు.
కొన్ని రాత్రులు మాత్రం
మంచం అవసరానికంటే వెడల్పుగా ఉంటాది.
పెద్దలు దగ్గారు.
వెనక బెంచీలో పమేలా,
పదిహేడేళ్ళది, మోగుతున్న ఫోను బోర్లా పెట్టింది.

బయట చెప్పులేసుకుంటూ అడిగింది:
ఎంతవరకు మనదో ఎలా తెలుస్తాదక్కా?
తెలీదన్నాను.
అడిగే ముందు వాడి మొహం చూడు, అన్నాను.
ఇంకేదో చెప్పాల్సింది. ఆటో వచ్చేసింది.

ఈవేళ కొండ నుంచి ఒక మూట వచ్చింది.
పసిబిడ్డ పాత గౌనులో కట్టిన బియ్యం,
అక్కడక్కడా సామలు కలిసి.
కట్టిన చీటీ మీద ఎనోషు పేరు,
పక్కన నాకు తెలియని ఇంకో పేరు.

చీటీ ఒకటికి రెండుసార్లు చదివాను.
పుల్ల ఒకటి ఏరి పారేశాను.
పళ్ళెంలో పోసి,
ముల్లు ఊగడం ఆగేదాకా
చెయ్యి దూరంగా పెట్టుకున్నాను.