చెమట పూసిన చోటు

ఐరాల నుంచి తొలి బస్సుకు వచ్చాడు చెంగల్రాయులు.
కుడికాలికి పాత పంచె పేలిక,
పేలిక మీద ఎండిన నెత్తురు,
దాని మీద బెల్లంపొయ్యి మసి.

"రెండేండ్లుగా ఉండాది మేడం.
పొయ్యి కాడ నిలబడితే ఒత్తుకుంటాది,
ఉత్తపుణ్యానికి చిట్లుతాది.
మా పక్కూర్లో ఒకాయనకి ఇట్లే మొదులై
మోకాలి దాకా తీసేసినారు."

తుడిచి చూశాను.
చింతగింజంత ఎర్రటి బొడిపె,
చుట్టూ మడికి పాయ తీసినట్టు సన్నటి గాడి.
జెల్ చుక్క వేసి డెర్మోస్కోపు ఆనించాను.
గట్టిగా నొక్కితే నెత్తురుదారులు మాయమవుతాయి,
నిద్రపోయే బిడ్డ నుదురు తాకినట్టు తాకాలి.

మొదట కనబడింది నా భయమే:
ఏ నల్లమచ్చో రంగు విడిచి
మారువేషంలో కూర్చోలేదు కదా అని.
ఊపిరి బిగబట్టి ఫోకస్ తిప్పాను.

తెల్లటి గీతల వల.
వలలో ప్రతి కంతలో ఒక గులాబి గుండు,
గుండు నడుమ మెలిక తిరిగిన ఎర్రటి నరం.
ఒక వారన ఆకు ఈనెలు,
ఇంకో వారన ఇప్పుడే రేకు విప్పిన పువ్వు.
మొత్తంగా చూస్తే
తొలివాన గుంటలో తేలే కప్పగుడ్లు!

"ఏముండాది మేడం లోపల?"
ఉన్నమాట చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.
"చెమట బయటికొచ్చే గొట్టం ఉంటుంది చూడు,
దాని కణాలే పెరిగి గడ్డ కట్టినట్టుంది.
ప్రాణం తీసే రకంలా లేదు.
కానీ అద్దం ఒట్టు వెయ్యదు,
కోసి తీసి పరీక్షకు పంపాలి."

"చెమటా?"
అంతసేపటికి మొహంలో ముడి వీడింది.
"ముప్పై ఏండ్లు పెనం ముందర కార్చిందంతా
యాడికి పోయెనో అనుకుంటి.
ఈడ దాచిపెట్టుకోనుండానా!"

పన్నెండో రోజు రిపోర్టు వచ్చింది: పోరోమా.
కుట్లు విప్పించుకుని
కాగితంలో చుట్టిన బెల్లం అచ్చు బల్ల మీద పెట్టి
"ఆ పొద్దు తీసిన ఫొటో ఒకసారి చూపీమ్మా" అన్నాడు.

ఫోను దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చాడు.
తన కాలిని అంతసేపు
ఎన్నడూ చూసుకుని ఉండడు.

"ఇదేంది మేడం,
మా చెరుకుమడిలో కప్పగుడ్ల మాదిరుండాదే!"

బయట ఓపీ చీటీల వరస
మెట్ల దాకా సాగింది.
నేనింకా నవ్వుతూనే ఉన్నాను.