కంట్లో పువ్వు

దాళ్వా నూర్పుళ్ళ రోజుల్లో
మా ల్యాబుకి వచ్చేవాళ్ళు
ఒక అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకునే వస్తారు.
దూరం నుంచి సలాం కొడుతున్నట్టుంటుంది.
కొత్తలో నేనూ తిరిగి కొట్టబోయాను. సిగ్గేసింది.

వీరవేణిది వానపల్లి.
మిషన్లోకి పనలు అందిస్తుంటే గింజ ఎగిరి తగిలింది.
గింజ కూడా కాదట, దాని కొస ముల్లు.
"నలకే కదాని నలిపేశానండి."
మొదటిరోజు ఎదురింటి బాలింత చనుబాలు.
మూడోరోజు ఆరెంపీ గారి చుక్కలు.
ఎరుపు తగ్గింది, రెండ్రోజులు మళ్ళీ పనికెళ్ళింది.
ఆ రెండ్రోజులే దానికి కావలసింది.

పదోరోజుకి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ.
"పువ్వేసిందండి" అంది
పెరట్లో నందివర్ధనం సంగతి చెప్పినట్టు.

డాక్టరుగారు గీకి ఇచ్చింది
పంచదార పలుకంత కూడా లేదు.
గాజుపలక మీద పెట్టి మందుచుక్క వేసి చూస్తే
కాలువలు!
కాలువ చీలి బోదె, బోదె చీలి పిల్లబోదె,
కాస్త దూరానికో అడ్డుగోడ, మన లాకుల్లాగే.
ఎవరూ తవ్వని కాలువలు, నీటితీరువా లేని కాలువలు
ఒక మనిషి చూపు మీదుగా
శివారు దాకా పారేశాయి.

పుస్తకంలో దీన్ని అవకాశవాది అంటారు.
ఆ మాట మేము ఎలక్షన్లప్పుడు వాడతాం,
రాత్రికి రాత్రి కండువా మార్చినవాడికి.
దీనికి కండువా ఎక్కడిది?
గట్టు మీద తడిసిన గడ్డిని
చడీచప్పుడు లేకుండా మట్టి చేసుకుంటూ
తన మానాన తాను బతికేది.
కొబ్బరి డొక్కల గుట్టలో, గోనెసంచి అడుగున,
నాలుగురోజులు ముసురు పడితే మా పడమటి గోడ మీద.
సాలీడు అల్లిందీ బూజే, చెమ్మ పెంచిందీ బూజే,
అమ్మ రెంటికీ ఒకటే కర్ర ఎత్తేది.
ఈ బూజుకి ఏ కర్రా అందదు.
తలుపు అది తియ్యలేదు,
తీసున్న తలుపు చూసింది.
చూసిందనడమూ తప్పే.
దానికి కళ్ళు లేవు.

అయిదోరోజుకి పళ్ళెంలో దూదిలా లేచింది,
నడిమధ్య లేత వంగపువ్వు రంగు.
నీలిమందు వేసి ఇంకాస్త దగ్గరగా చూశాను.

"ఓసారి నన్ను చూడనిత్తారా?"
రూల్సు ఒప్పుకోవు.
స్టూలు జరిపాను.

బాగున్న కంటితో చాలాసేపు చూసింది.
"కొడవళ్ళండి బాబూ.
మిషనొచ్చాక మాయి చూర్లో దోపేశాం.
ఇక్కడున్నాయా!"
లేవబోతూ ఆగి, నాతో కాదు, ఎవరితోనో
"అయితే ఇది కోతకొచ్చిందన్నమాట" అంది.
పిప్పెట్టు పక్కన పెట్టి
చేతులు మళ్ళీ కడుక్కున్నాను, అవసరం లేకపోయినా.

మందు పాలలా తెల్లగా ఉంటుంది.
సీసా ఊపి వెయ్యాలి.
గంటకొకటి, రాత్రిళ్ళు కూడా.
వాళ్ళాయన త్రిమూర్తులు ఫోన్లో కోడికూత పెట్టాడు.
పదింటికి కూస్తుంది, పదకొండింటికి కూస్తుంది.
వార్డులో ముసలాళ్ళు తెల్లారిందనుకుని లేచి
చుట్ట కోసం తడుముకుని
మళ్ళీ ఒరుగుతారు.
తిట్టేవాళ్ళు తిడతారు.
ఒకాయన మాత్రం, "కూయనీరా, మా ఊరున్నట్టుంది" అన్నాడు.

నిన్నటి కేసుషీటు:
కుడికన్ను, చెయ్యి కదిలితే తెలుస్తోంది.
ఎవరి చెయ్యో రాయరు.

నైట్‌డ్యూటీలో ఉన్నాను.
రెండింటి కోడి కూసింది.
లైటు వెయ్యకుండానే
ఆయన సీసా ఊపుతున్న చప్పుడు.