నాలుగో అంతస్తుకి

నీ ముఖం నేనెరగను.
నీ ఇల్లు ఎరుగుదును.
పిల్లి వచ్చి ఏడాదయింది,
జుట్టుకి రంగు నెలకోసారి,
ఈ మధ్య మీ ఇంట్లో ఎవరికో చక్కెర జబ్బు:
పంచదార సంచులు రావడం మానేశాయి,
సన్నని సూదులు మొదలయ్యాయి.

సూదుల సంగతే చెప్పాలని.

మా ఆయన బఖూమ్ తెల్లారకముందే
వీపున బుట్టతో మీ వెనక మెట్లు ఎక్కుతాడు.
లిఫ్టు ఉంది. చెత్తకి కాదు.
ట్రక్కు కైరో అంతా తిరిగి
ముకత్తం కొండ కిందికి చేరేసరికి
ఎండ మా గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చుంటుంది.
కింది గదిలో కుప్ప పోస్తాడు.
నేనూ, మా అత్త ఇస్తీరూ, చిన్నది వెరీనా
చుట్టూ చతికిలబడతాం
పెళ్ళింట్లో కూరలు తరగడానికి కూర్చున్నట్టు.

తొక్కలు పందులకి. అట్టపెట్టెలు గోడవారకి.
నీళ్ళ సీసాల్లో తెల్లవి వేరు, నీలంవి వేరు,
మూతలు మరీ వేరు,
సీసాదో జాతి, మూతదో జాతి,
కలిపి కరిగిస్తే రెండూ చెడతాయి.
అత్తకి చూపు ఆనదు. నలిపి,
చప్పుడు విని చెబుతుంది ఏది ఏ ప్లాస్టిక్కో.

నువ్వేమో అన్నీ ఒకే సంచిలో కుక్కి ముడేస్తావు.
మిగిలిన చిక్కుళ్ళ పులుసు
నీ కొడుకు లెక్కల నోటుపుస్తకాల మీదకి.
కాగితం ఒకసారి నూనె తాగిందంటే
ఇక అది కాగితం కాదు.
ఒక్క గరిటెడు పులుసుకి
మాకు ఓ పూట కూలి.

పోయిన గురువారం
సూది నా బొటనవేట్లో దిగింది.
ఆస్పత్రిలో రక్తం తీసుకుని
మూడు నెలలయ్యాక మళ్ళీ రమ్మన్నారు, అప్పుడుగానీ తేలదట.
వచ్చి మళ్ళీ కుప్ప ముందు కూర్చున్నాను.
నిన్ను తిట్టలేదంటే అబద్ధం.
ఏడు తరాలు దాటి
మీ పిల్లి దగ్గర ఆగాను.

అలా అని నీకు వేరు చెయ్యడం రాదనను.
ఎండిన రొట్టె నువ్వెన్నడూ చెత్తలో పారెయ్యలేదు.
చిన్న సంచిలో కట్టి
తలుపు గొళ్ళేనికి విడిగా తగిలిస్తావు.
రోడ్డు మీద ముక్క కనబడితే
ఈ ఊళ్ళో ఎంతటివాడైనా వంగి తీసి,
ముద్దు పెట్టుకుని, గోడ మీద ఉంచిపోతాడు.
రొట్టెనీ బతుకునీ మేం ఒకే మాటతో పిలుస్తాం,
ఐష్ అని.
నువ్వు మసీదుకి, నేను చర్చికి;
రొట్టె దగ్గర మాత్రం
ఇద్దరి చేతులూ ఒకేలా వంగుతాయి.

ఆ చెయ్యే కావాలి నాకు.
సూదులకి ఓ ఖాళీ సీసా, మూత బిగించి.
పగిలిన గాజుకి నిన్నటి పేపరు.
తడిదో సంచి, పొడిదో సంచి.
ఇందుకు పెద్ద చదువులక్కర్లేదు.

ఇదంతా బఖూమ్‌కి అప్పజెప్పి పంపాను.
మెట్టుకో మాట రాలిపోయి
నాలుగో అంతస్తుకి మూడే మిగిలాయట:
"అమ్మగారూ, సూదులు, విడిగా."
తలుపు సందులోంచి ఎవరో
ఊఁ అన్నారట. అన్నట్టే ఉందట.

మంగళవారం కుప్పలో
ఓ నీళ్ళ సీసా. లోపల సూదులు.
మూత చుట్టూ రెండు వరసలు టేపు.
కాసేపు ఎవరం ముట్టుకోలేదు.
అత్త అందుకుని, చెవి దగ్గర పెట్టి ఊపింది.
"ఇది కొత్త చప్పుడే" అంది.

అదే సంచిలో
శుభ్రమైన కాగితాల దొంతర మీద
పిల్లి ఇసుక గుమ్మరించి ఉంది.

పోనీలే.
పిల్లి సంగతి
వచ్చేవారం చెప్పి పంపుతాను.