మూడో పాటలో ఉన్నది నేనే

నూకీ,
నీ కొత్త ఆల్బమ్ మొదటిసారి విన్నది
కాన్వెంట్ జంక్షన్ దగ్గర షేర్ ఆటోలో,
డ్రైవరు పక్కన సగం సీటు మీద,
మిగతా సగం గాల్లో.

"కొత్త గుంట బావు, గిటారట్టుకుని మన బాసలో పాడతంది.
ఎవుడో గాని బాగా ఏడిపించీసినాడు దాన్ని"
అన్నాడతను గేరు మారుస్తూ.
దిగేటప్పుడు పది రూపాయలు తక్కువిచ్చినా
నేనేం అడగలేదు.

ఎనిమిది పాటలు. పేరు 'తాళం'.
అందరూ దరువనుకుంటారు.
జ్ఞానాపురంలో మన గది తలుపు
వానాకాలం ఉబ్బిపోయి
భుజంతో తోస్తే గాని తెరుచుకోని ఆ తలుపు
నాకూ నీకూ తప్ప ఎవరికి తెలుసు?

మూడో పాటలో ఉన్నది నేనే.
కాకపోతే కొన్ని తప్పులున్నాయి, చెప్పనీ.
పోర్టు కాటా దగ్గర పదకొండేళ్ళుగా
ఖాళీ లారీనీ నిండు లారీనీ తూచి
తేడా రాసుకునేవాణ్ణి,
లెక్క తప్పితే నాకు నిద్ర పట్టదు.

నువ్వు వెళ్ళిన రోజు వాన లేదు.
పాటలో రెండు చరణాలూ కురుస్తూనే ఉంది.
ఆ రోజు మే నెల ఎండ.
తీగ మీద నీ తెల్ల చున్నీకి
పోర్టు బొగ్గు దుమ్ము పట్టింది.
దులిపావు, మడతపెట్టావు,
మడత విప్పి మళ్ళీ దులిపావు.
ఆ చప్పుడు పాటలో లేదు.

నేను గుమ్మంలో నిలబడి
"ఉండిపో" అన్నానట.
అనలేదు.
"ఆటోకి చిల్లరుందా?" అన్నాను.

రెండో పాట మాత్రం సరిగ్గా ఉంది.
హుద్‌హుద్ వెళ్ళిన నాలుగో రోజు,
కరెంటు లేదు, ఫోన్లు లేవు,
చెట్లన్నీ రోడ్ల మీద పడుకున్నాయి.
నీళ్ళ ట్యాంకరు వరసలో
నీ బిందె నా బిందెకి తగిలింది.
ఆ మోత పట్టుకుని నువ్వు కూనిరాగం తీశావు.
బిందె సొట్టతో సహా రాశావు.
ఆ సొట్టలో ఇప్పటికీ
గ్లాసుడు నీళ్ళు తక్కువ పడతాయి.

ఐదో పాటలో ఎవరో ఉన్నాడు.
భీమిలి రోడ్డులో బండాపి
జీడిమామిడి పళ్ళు కోసిస్తాడు,
నీ చేతి జిగురు తన చొక్కాకి తుడుచుకోమంటాడు.
నాకు బండి లేదు.
ఐదో పాట ఏడుసార్లు విన్నాను.

ఇంకొకటి.
పూర్ణా మార్కెట్లో కొన్న ఆ పాత గిటారు
మూడో తీగ సముద్రపు చెమ్మకి సడలిపోయేది.
సంగీతం అక్షరం ముక్క రాని నేను
మరమేకు పట్టుకుని తిప్పుతుంటే
నువ్వు కళ్ళు మూసుకుని
"ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు" అనేదానివి.
ఈ ఆల్బమ్‌లో ఆ తీగ
ఒక్క చోట కూడా జారలేదు.
ఎవరు బిగిస్తున్నారో.

ఎనిమిదో పాట చివర
నువ్వు ఆపేశాక కాసేపు ఏమీ ఉండదు.
చెవుల్లో పెట్టుకుని వింటే
ఎక్కడో ఒక ఓడ కూత.
రికార్డింగు గదిలోకి అదెలా దూరిందో!
తీసేయమని నువ్వు చెప్పలేదంటే
ఉంచమనే చెప్పి ఉంటావు.

సరే, అసలు తప్పు.
నీ తాళంచెవి సముద్రంలో విసిరేశానని పాడావు.
బియ్యం డబ్బా మూత మీద పెట్టి వెళ్ళావు నూకీ,
చప్పుడు కాకుండా.

ఊరంతా పాడుకుంటున్న పాట
అబద్ధం కావడం ఎందుకని
నిన్న షిఫ్టు దిగాక బీచ్‌కి వెళ్ళాను.
జేబులోంచి తీసి చూస్తే
రెండు చెవులూ ఒకలాగే అరిగి ఉన్నాయి,
ఏది నీదో తేలలేదు.

మురీ మిక్చర్ బండి దగ్గర
ఉల్లిపాయలు ఎక్కువేయమని చెప్పి
అక్కడే నిలబడి తిన్నాను.