కొలత

లెయిదా వాహెర్ ఫ్రీజర్ మూత తీసి
పేకముక్కలు పంచినట్టు పంచింది పిట్టల్ని.
నా వంతుకి స్టార్లింగ్.
కాలికి చీటీ: అక్టోబరు, హాప్‌సాలు, బడి కిటికీ అద్దం.

పాత బడిలో వడ్రంగం గది.
ఆరుగురం, రెండు రోజుల శిక్షణ.
ఏప్రిల్ వచ్చినా సముద్రం అంచుల్లో ఇంకా గడ్డకట్టే ఉంది.
"కరగనివ్వండి, తొందరపడితే ఈకలు రాలతాయి."
ఫెర్రీ నడిపి రిటైరైన ఎండెల్
తన పిట్టని దోసిట్లో పట్టుక్కూచున్నాడు,
టీ కప్పుతో చేతులు కాచుకునే మనిషిలా,
కాకపోతే ఇక్కడ వేడి ఇటునుంచి అటు.

రొమ్ము మీద ఊదాలి.
ఈకలు పాపిడి తీసినట్టు విడతాయి.
ఆ గీత వెంటే కత్తి,
ఉల్లిపొర మీద పేరు రాస్తున్నంత పైపైన.
రక్తం వచ్చిందంటే నీది తొందరన్నమాట.
నాకు వచ్చింది.
మొక్కజొన్న పిండి చల్లి ఊరుకున్నాను.

తడి మేజోడులా తిరగబడి వచ్చేసింది తోలు.
మోకాళ్ళ దగ్గర ఆగాలి, రెక్కల దగ్గర ఆగాలి,
చెవుల దగ్గర ఊపిరే ఆగాలి.
బల్ల మీద మిగిలింది
కోడిగుడ్డంత ఎర్రటి ఒళ్ళు.
ఆ గోలంతా ఇంత పిసరుదా!

పొట్ట కోస్తే అక్షరమ్ముక్క లేదు,
మూడు రోవన్ పండ్ల తొక్కలున్నాయి,
ఎరుపు పోకుండా.

పారేయబోతే లెయిదా చెయ్యి పట్టుకుంది.
"అదే నీ కొలత."
చెక్కపీచుకి దారం చుట్టి, పక్కన పెట్టి చూసి,
లావైంది, విప్పాను.
బక్కదైంది, విప్పాను.
పన్నెండు రోజుల్లో గుడ్డు గుట్టుగా చేసే పని
నా చేతుల్లో నలుగురి ముందూ చెడింది.

మర్నాడు డబ్బా నిండా గాజు కళ్ళు, గుండీల కొట్టులోలా.
"ఏ రంగు?"
ఎవరికీ తెలీదు.
ఏళ్ళ తరబడి మా పెరళ్ళలోనే తిరిగినవి.
లెయిదా ఏమీ అనలేదు,
కోట్లు అందించి తలుపు తీసింది.

గంటసేపు చలిలో.
పొగగొట్టం మీద ఒకటి, దక్షిణాన్నించి కొత్తగా దిగింది,
గొంతు ఈకలు గడ్డంలా నిక్కించి
బడి గేటు కిర్రుని అచ్చం దించేస్తోంది.
కన్ను ఒక్కచోట నిలిస్తేగా.
చివరికి ఎండెల్ గొణిగాడు:
"గోధుమరంగు. బాగా ముదురు."

ఆ సాయంత్రం ఇంటికి రెండు తెచ్చాను,
అట్టపెట్టెలో ఒకటి, పేపరు పొట్లంలో ఒకటి.
విప్పీ విప్పకముందే
పొట్లం సంగతి పిల్లి చూసుకుంది.
ఆపైన అల్మరా ఎక్కి
కాస్త తాగినట్టు ఒరిగిన రెండోదాన్ని వాసన చూసి,
బోరాక్స్‌కి తుమ్మి,
నా మొహంకేసి చూసింది.

బయట ఏదో కిర్రుమంది,
గేటో, మరొకటో.
ఇద్దరం ఒక్కసారే తల తిప్పాం.
అల్మరా మీదిది తిప్పలేదు.